పాత మాన్యువల్ టెలిఫోటో జూమ్ లెన్సులు: హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో సేకరణ, వాడకం

ఆటోఫోకస్ రాకముందు, 35 మి.మీ. ఫిల్ము వాడే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల కోసం తయారైన టెలిఫోటో జూమ్ లెన్సుల్లో ఫోకస్, జూమ్, అపర్చర్ మూడూ చేత్తోనే తిప్పాలి. ఇవి 1959లో మొదలయ్యాయి. 1985లో మినోల్టా 7000 కెమెరా ఆటోఫోకస్‌ను మామూలు మనిషి చేతికి తెచ్చాక క్రమంగా వెనకబడ్డాయి. ఎక్కువగా దొరికేవి 80–200, 70–210, 75–150 మి.మీ. శ్రేణులు. లోహపు గొట్టం, చెక్కిన అంకెలు, చేతికి తెలిసే బరువు వీటి గుర్తులు. మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాలు వచ్చాక అటకమీది పాత సామాను మళ్లీ పనిలోకి వచ్చింది. కొత్త 70–200 ఎఫ్/2.8 లెన్సు లక్ష రూపాయలు దాటే చోట పాత 80–200 ఎఫ్/4 కొన్ని వేలకే దొరకడం దీనికి ముఖ్యమైన కారణం.

తమిళనాడు ఉత్తరపు అంచున ఉన్న హోసూరు, కృష్ణగిరి తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే నేల. ధర్మపురి నుంచి విడిపోయి 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. బెంగళూరు పాత కెమెరాల బజారు హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరం. చెరువులు, డ్యాములు, రాతి గుట్టలు, కోటలు, తేర్లు, ఎద్దుల పందేలు, రాగి చేలమీదికి వచ్చే ఏనుగులు ఇక్కడి దృశ్యాలు. వీటిలో చాలావాటికి 200 మి.మీ. సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు. ఏది దేనికి సరిపోతుందో తెలుసుకున్నవారికే ఈ లెన్సులు గిట్టుబాటు.

నిర్మాణం

టెలిఫోటో లెన్సులో ముందు భాగం కాంతిని కూడగడుతుంది, వెనకభాగం దాన్ని కొంత విప్పుతుంది. అందువల్ల 200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు అంతకంటే పొట్టి గొట్టంలో ఇముడుతుంది. 1891 ప్రాంతంలో ఇంగ్లండులో థామస్ డాల్‌మేయర్, జర్మనీలో మరికొందరు ఎవరికివారుగా ఈ ఏర్పాటు కనిపెట్టారు. జూమ్ అంతకంటే చిక్కైన వ్యవహారం. ఫోకల్ లెంగ్త్ మారాలంటే లోపలి గాజుల గుంపు ఒకటి జరగాలి, అది జరిగినప్పుడు చెదిరే ఫోకస్‌ను మరో గుంపు జరిగి సరిచేయాలి. ఈ రెండు కదలికలనూ గొట్టంలో కోసిన వంపు గాళ్లు నడిపిస్తాయి. ఆ గాళ్ల అరుగుదలే పాత జూమ్ వయసు చెబుతుంది.

ఫోకల్ లెంగ్త్ మార్చినా ఫోకస్ నిలిచి ఉండటం అసలైన జూమ్ లక్షణం. ఆ కాలపు మంచి టెలిఫోటో జూమ్‌లన్నీ అలాంటివే. 200 దగ్గర ఫోకస్ పెట్టుకుని 80కి వెనక్కి లాగి చట్రం కట్టుకోవచ్చు. నేటి లెన్సుల్లో చాలావరకు ఈ గుణం లేదు. ఆటోఫోకస్ క్షణంలో సరిచేస్తుంది కనుక తయారీదారులు దాన్ని వదిలేశారు.

చేతికి తగిలే తేడా మరొకటి ఉంది. కొన్నింటిలో ఒకే రింగు తిప్పితే ఫోకస్, ముందుకూ వెనక్కూ తోస్తే జూమ్. కొన్నింటిలో రెండింటికీ వేర్వేరు రింగులు. కదిలే వస్తువును వెంబడించేటప్పుడు ఒకే రింగు పద్ధతి చేతికి చాలా అనువు. వయసు మీదపడితే మాత్రం ఆ గొట్టం కిందికి వంచగానే తనంతట తాను జారిపోతుంది. కైరాన్ కంపెనీ దీనికోసమే తన 70–210 ఎఫ్/4లో తాళం మీట పెట్టింది. మిగతా వాటికి వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టేవారు ఉన్నారు. చూపుకు బాగుండదు గాని పని జరుగుతుంది.

చరిత్ర

సినిమా కెమెరాలకు జూమ్ ముందే వచ్చింది. కుక్ వారో 40–120 మి.మీ. 1932లో వాడుకలోకి వచ్చింది. స్టిల్ కెమెరాకు మొదటిది 1959 నాటి ఫోక్ట్‌లాండర్ జూమార్ 36–82 మి.మీ. ఎఫ్/2.8, రూపకర్త ఫ్రాంక్ బ్యాక్. అదే ఏడాది నికాన్ ఎఫ్ కెమెరాతోపాటు నికాన్ సంస్థ 8.5–25 సెం.మీ. టెలిఫోటో జూమ్‌ను తెచ్చింది. ఫోకల్ లెంగ్త్‌ను సెంటీమీటర్లలో చెక్కిన రోజులవి. జపాను ఎస్‌ఎల్‌ఆర్‌ల టెలిఫోటో జూమ్ చరిత్ర అక్కడే మొదలు.

మొదటి పదేళ్లలో జూమ్ అంటే వృత్తి ఫొటోగ్రాఫర్లకు చిన్నచూపే. మూలలు మెత్తబడతాయి, తిన్నని గీతలు వంగుతాయి, ఎదురు వెలుతురులో బొమ్మ తెల్లబారుతుంది. ఆ మాటల్లో నిజం ఉంది కూడా. 1963 నాటి నిక్కోర్ 43–86 బాగా అమ్ముడైంది, అంతే బాగా తిట్లూ తింది. పరిస్థితిని మార్చినవి రెండు: లెక్కలు కంప్యూటర్లకు అప్పజెప్పడం, గాజుకు పలుపొరల పూత వేయడం. పదిహేను గాజులున్న లెన్సులో ఒక్కో ఉపరితలం కొంత కాంతిని వెనక్కి కొడుతుంది. పూత లేనిదే అన్ని గాజులు పేర్చడం వృథా. 1970 ప్రాంతంలో వచ్చిన నిక్కోర్ 80–200 ఎఫ్/4.5 వార్తాపత్రికల ఫొటోగ్రాఫర్లకు జూమ్ మీద నమ్మకం కుదిర్చింది. 1970ల నడుమ వచ్చిన వివిటార్ సిరీస్ 1 70–210 ఎఫ్/3.5, కెమెరా కంపెనీ కాని సంస్థ కూడా దీటైన లెన్సు ఇవ్వగలదని చూపించింది.

మన దేశంలోకి రాక

1991 ఆర్థిక సంస్కరణల దాకా విదేశీ కెమెరా సామాను మీద దిగుమతి ఆంక్షలు, భారీ సుంకాలు ఉండేవి. సోవియట్ యూనియన్‌తో రూపాయల వ్యాపారం ఉన్నందున జెనిట్ కెమెరాలు మాత్రం సులువుగా వచ్చాయి. వాటితోపాటు 42 మి.మీ. మర ఉన్న ఎం42 లెన్సులూ వచ్చాయి. జపాను సరుకు గల్ఫు నుంచి తిరిగివచ్చేవారి పెట్టెల్లో, సింగపూరు ప్రయాణికుల సంచుల్లో చేరింది. చెన్నైలో బర్మా నుంచి తిరిగివచ్చినవారి కోసం 1969లో వెలిసిన బర్మా బజారు, హైదరాబాదులో కోఠి దగ్గరి గుజరాతీ గల్లీ, బెంగళూరులో చిక్కపేట పరిసరాలు ఈ సరుకు చేతులు మారిన చోట్లు. ఫిల్ము మాత్రం మన దగ్గరే తయారయ్యేది. ఉదకమండలంలోని హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ తీసిన ‘ఇందు’ నలుపు-తెలుపు రీళ్లు దక్షిణాదిలో వాడని స్టూడియో ఉండేది కాదేమో.

ఊళ్లలోని పెళ్లి స్టూడియోలకు టెలిఫోటో జూమ్‌తో పెద్దగా పని పడలేదు. వాళ్లకు యాషికా మ్యాట్ వంటి ట్విన్ లెన్స్ కెమెరా, ఫ్లాషు ఉంటే గడిచిపోయేది. తర్వాత పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎం10 వచ్చినా వాటికి 50 మి.మీ. లేదా 35–70 లెన్సులే తోడు. టెలిఫోటో కొన్నవారు విలేకరులు, అడవి జంతువుల మీద మోజున్నవారు, గల్ఫు బంధువులున్నవారు. అందుకే నేడు దొరికే పాత టెలిఫోటో జూమ్‌లలో వాడి అరగదీసినవి తక్కువ, వాడక మూలనపడి బూజు పట్టినవి ఎక్కువ. సేకర్త గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి ఇదే.

ఈ ప్రాంతపు అడవి ఫొటోగ్రఫీ మాత్రం ఈ లెన్సులతో మొదలు కాలేదు. మద్రాసు ప్రకృతి శాస్త్రవేత్త ఎం. కృష్ణన్ (1912–1996) వేర్వేరు కెమెరాల భాగాలతో తానే కూర్చుకున్న యంత్రానికి ‘సూపర్ పాండరోసా’ అని పేరుపెట్టి, దక్షిణాది ఏనుగులను నలుపు-తెలుపులో తీశారు. సండూరు రాజవంశీకుడు, కర్ణాటక మంత్రిగా పనిచేసిన ఎం.వై. ఘోర్పడే కూడా అదే తరహా. సామాను కంటే నడక, ఓపిక, జంతువు తీరు తెలియడం వాళ్ల పెట్టుబడి.

సేకరించదగినవి

నికాన్‌లో 80–200 ఎఫ్/4.5 మొదటి రూపంలో 15 గాజులు, 1977 తర్వాతి రూపంలో 12. రెండోది తేలిక, పదును కూడా మెరుగు. దాని తర్వాత 1980ల మొదట్లో వచ్చిన 80–200 ఎఫ్/4 ఏఐ-ఎస్ ఈ తరగతిలో తలమానికం అని చెప్పవచ్చు. చవకరకంగా అమ్మిన సిరీస్-ఇ 75–150 ఎఫ్/3.5 పదునులో అన్నలతో పోటీపడుతుంది. కాని దాని గొట్టం జారని ప్రతి దొరకడం అరుదు.

వివిటార్ లెన్సు ఏదీ తయారుచేయలేదు. 1938లో మ్యాక్స్ పాండర్, జాన్ బెస్ట్ అనే జర్మన్ వలసదారులు అమెరికాలో పెట్టిన వ్యాపార సంస్థ అది. రూపకల్పన ఒకరితో, తయారీ జపాను కర్మాగారాలతో చేయించి తన పేరుతో అమ్మింది. క్రమసంఖ్య మొదటి అంకెలు తయారీదారును చెబుతాయి: 22 అయితే కినో, 37 అయితే టోకినా, 28 అయితే కొమినె. ఆ రెండంకెల తర్వాతిది ఏడాది చివరి అంకె, దాని పక్క రెండూ వారం. ఇలా చదివితే 22631తో మొదలయ్యే లెన్సు 1976లో 31వ వారం కినోలో తయారైందని తెలుస్తుంది. సిరీస్ 1 70–210 మూడు రూపాల్లో వచ్చింది. మొదటిది కినో చేసిన ఎఫ్/3.5, ఫిల్టరు మర 67 మి.మీ. రెండోది టోకినా చేసినది, ఫిల్టరు 62. మూడోది కొమినె చేసిన ఎఫ్/2.8–4. పేరు కోసం మొదటిది, పదును కోసం మూడోది అని సేకర్తల్లో చాలామంది మాట. ఎండ తగిలే పనికి నా ఓటు కూడా మూడోదానికే.

టామ్రాన్‌ది వేరే తెలివి. 1970ల్లో అడాప్టాల్, 1979లో అడాప్టాల్-2 పేరుతో లెన్సు వెనక మౌంటు విప్పి మార్చుకునే ఏర్పాటు తెచ్చింది. ఒకే లెన్సు నికాన్‌కూ పెంటాక్స్‌కూ కానన్‌కూ పనికొస్తుంది. 70–210 ఎఫ్/3.5 (19ఏహెచ్), 60–300 ఎఫ్/3.8–5.4 (23ఏ), 80–200 ఎఫ్/2.8 ఎల్‌డి (30ఏ) ఈ వరుసలో ముఖ్యమైనవి. 30ఏ బరువూ ధరా రెండూ ఎక్కువే. 23ఏ మాత్రం 300 దాకా సాగుతుంది కనుక చెరువు పక్షుల వారికి కొంతవరకు పనికొస్తుంది. మౌంటు లేకుండా చవగ్గా అమ్మే టామ్రాన్‌ను చూసి సంబరపడేముందు ఆ మౌంటు ధర విడిగా వాకబు చేయాలి. ఒక్కోసారి అది లెన్సు ధరను దాటుతుంది.

కానన్ న్యూ ఎఫ్‌డి 80–200 ఎఫ్/4 ఎల్, కాంటాక్స్ వారి జైస్ వారియో-సోనార్ 80–200 ఎఫ్/4, ఒలింపస్ జుయికో 65–200 ఎఫ్/4 ధర పెట్టగలిగినవారికి. చిన్నది కావాలంటే జుయికో 75–150 ఎఫ్/4. కీవ్ ఆర్సెనల్ కర్మాగారపు గ్రానిట్-11 80–200 ఎఫ్/4.5 మన జెనిట్ తరం వారికి గుర్తుండవచ్చు. బరువు, ఎదురు వెలుతురులో బలహీనత దాని రెండు లోపాలు. సేకరణకు సరే, వాడటానికి కాదు.

మౌంట్లు, అడాప్టర్లు

కొనుగోలులో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. లెన్సు మౌంటు నుంచి ఫిల్ముకు ఉండే దూరం ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత: నికాన్ ఎఫ్ 46.5 మి.మీ., ఒలింపస్ ఓఎం 46, కాంటాక్స్-యాషికా 45.5, ఎం42, పెంటాక్స్ కె 45.46, కానన్ ఈఎఫ్ 44, మినోల్టా 43.5, కానన్ ఎఫ్‌డి 42. లెన్సు దూరం కెమెరా దూరం కంటే ఎక్కువైతేనే నడుమ గాజులేని అడాప్టరు పడుతుంది. మన ఊళ్లలో బాగా కనిపించే కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు నికాన్, ఒలింపస్, ఎం42, యాషికా లెన్సులు చక్కగా కుదురుతాయి. మినోల్టా, ఎఫ్‌డి కుదరవు. వాటిని బిగించాలంటే అడాప్టరులో గాజు పెట్టాలి, ఆ చవక గాజు మంచి లెన్సును పాడుచేస్తుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు నికాన్ మౌంటు ఉన్న లెన్సు తప్ప దాదాపు ఏదీ కుదరదు.

నికాన్‌తో మరో మెలిక. 1977లో ఏఐ పద్ధతి రాకముందరి లెన్సులు డి7000, డి610, డి750 వంటి బాడీల అంచున ఉన్న చిన్న మీటను విరగ్గొట్టగలవు. డి3000, డి5000 వరుసల్లో ఆ మీట లేదు కనుక పాతవి కూడా ఎక్కుతాయి. కాని ఆ కెమెరాలు వాటితో వెలుతురు కొలవవు, షటరు వేగం మనమే లెక్కపెట్టుకోవాలి. అపర్చర్ రింగు అంచు అరగదీసి ఏఐగా మార్చిన పాత లెన్సులు బజారులో ఉన్నాయి. అలాంటివి వాడకానికి బంగారం, సేకరణకు తక్కువ.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ బాధ లేదు. సోనీ ఈ మౌంటు దూరం 18 మి.మీ., కానన్ ఆర్‌ఎఫ్ 20, ఫ్యూజీ ఎక్స్ 17.7, నికాన్ జెడ్ 16. ఏ పాత లెన్సుకైనా నడుమ కావలసినంత చోటు. ఫోకస్ కుదిరిన అంచులు రంగులో మెరిసే పీకింగ్, బొమ్మను పెద్దగా చేసి చూపే సౌకర్యం వల్ల చేతి ఫోకస్ ఫిల్ము రోజుల కంటే సులువైంది. మెనూలో లెన్సు లేకుండా షటరు విడిచే అనుమతి ఇవ్వడం మరవకూడదు. బాడీలో కుదుపు తగ్గించే ఏర్పాటు ఉంటే ఫోకల్ లెంగ్త్ చేత్తో నమోదు చేయాలి. 80 అని పెట్టి 200 దగ్గర తీస్తే కుదుపు పూర్తిగా అణగదు.

చవక అడాప్టరు గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. అనంత దూరానికి ఫోకస్ తప్పకుండా అందాలని తయారీదారులు దాన్ని కొలత కంటే కాస్త పలచగా కోస్తారు. జూమ్ లేని ప్రైమ్ లెన్సుకు దీంతో నష్టం లేదు. జూమ్‌కు మాత్రం ఫోకస్ నిలిచే గుణం పోతుంది. 200 దగ్గర పదునుగా ఉన్న బొమ్మ 80కి రాగానే మసకబారుతుంది. లెన్సు చెడిందని దాన్ని తిరిగి అమ్ముకునేవారిలో కొందరి అసలు తప్పు ఈ అడాప్టరుదే. మందం సరిగ్గా ఉన్నది వేసి చూడటమో, పలచని లోహపు పొర వేయించడమో చేస్తే లెన్సు కోలుకుంటుంది.

కొనేముందు చూపు

బెంగళూరు బజారులోనైనా, ఆన్‌లైనులో చూసి కలిసిన అమ్మకందారు దగ్గరైనా పరీక్ష ఒకటే. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోను టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు గీతల్లా కనిపిస్తే బూజు. పొగమంచులా ఉంటే లోపలి గ్రీజు ఆవిరై అంటుకున్నది. అంచున ఇంద్రధనుస్సు రంగు మచ్చ ఉంటే అతికించిన గాజులు విడిపోతున్నాయి, దాన్ని వదిలేయాలి. దుమ్ము కణాలకు భయపడనక్కరలేదు, ముందు గాజు మీద సన్నగీతకు కూడా అంతే. వెనక గాజు మీద గీత మాత్రం బొమ్మలో తెలుస్తుంది.

అపర్చర్ బ్లేడ్ల మీద నూనె ఉంటే అవి మెల్లగా మూసుకుంటాయి. అడాప్టరుతో వాడేవారికి అది పెద్ద లోపం కాదు, బేరానికి మాత్రం మంచి ఆయుధం. ఫోకస్ రింగు బిగుసుకున్న లెన్సును బలవంతంగా తిప్పకూడదు. పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టించే పనివారు బెంగళూరులో ఇంకా ఉన్నారు. ఖర్చు మాత్రం లెన్సు ధరకు తగ్గదు.

జపాను అమ్మకందారులు విదేశాలకు పంపే సరుకు వర్ణనలో నిజాయితీ ఎక్కువ. కాని కస్టమ్స్ సుంకం, తపాలా ఖర్చు కలిపి చూస్తే సగటు లెన్సుకు గిట్టదు. అరుదైనదైతే తప్ప ఇక్కడి బజారే మేలు.

బూజు

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చల్లదనం, జూన్ నుంచి నవంబరు దాకా విడతలుగా కురిసే రెండు రుతుపవనాల తేమ మనుషులకు హాయి, లెన్సులకు గండం. కొండ దిగువన వేడి ఎక్కువున్న కృష్ణగిరిలో ప్రమాదం కాస్త తక్కువే, లేదని కాదు. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే చీకటి గొట్టంలో బూజు పెరుగుతుంది. అది పూతను తింటుంది, చివరికి గాజును కూడా గుంటలు చేస్తుంది. ఎండలో పెడితే బూజు చావవచ్చు, అది చెక్కిన గీత పోదు.

తోలు సంచి లెన్సుకు శత్రువు. చూడముచ్చటైన ఆ పాత కేసును షోకేసులో పెట్టి లెన్సును బయట ఉంచాలి. బీరువాలో బట్టల నడుమ కలరా ఉండల పక్కన దాచే అలవాటు ఇంకా ఘోరం. ఆ ఆవిరి గాజు మీద పొరలా పేరుకుంటుంది. బియ్యం డబ్బాలో పెడితే పిండి దుమ్ము గాళ్లలోకి పోతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమకొలత ఉంటే చాలు. తేమ 40–50 శాతం మధ్య ఉంచాలి. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే పెనం మీద సన్నని సెగన వేడిచేసి మళ్లీ వాడవచ్చు. మరీ పొడిగా, 30 కిందికి పోనిస్తే గ్రీజు ఎండుతుంది. వీటన్నిటికీ మించిన మందు వారానికోసారి లెన్సు బయటికి తీసి వాడటం.

ఇక్కడ వీటితో తీయగలిగేవి

200 మి.మీ. వద్ద, పూర్తి ఫ్రేము కెమెరాలో నూరు మీటర్ల దూరాన పద్దెనిమిది మీటర్ల వెడల్పు దృశ్యం పడుతుంది. ఏపీఎస్-సి సెన్సరు ఉన్న కెమెరాలో పన్నెండు మీటర్లు. ఈ రెండంకెలు బుర్రలో ఉంటే ఏ చోట నిలబడాలో ముందే తెలుస్తుంది.

హోసూరు నడిమి రామనాయకన్ చెరువు, ఊరి వెలుపలి కెలవరపల్లి డ్యాము పక్షులకు నెలవులు. నీటికాకులు, కొంగలు, బాతులు ఉదయపు వెలుతురులో అందుతాయి. లకుముకి పిట్ట మాత్రం ఈ లెన్సులకు లొంగదు. పదిహేడు సెంటీమీటర్ల పిట్ట పదిహేను మీటర్ల దూరాన 200 మి.మీ. లెన్సుతో సెన్సరు మీద రెండు మిల్లీమీటర్ల పైచిలుకు బొమ్మగా పడుతుంది. అంత చిన్నదాన్ని కత్తిరించి పెద్దది చేస్తే మిగిలేది నీలిమచ్చే. కొంగ తెల్లదనం మరో పరీక్ష. నల్లని నీటి మీద తెల్లరెక్కల చుట్టూ ఊదారంగు అంచు పడటం పాత జూమ్‌ల ప్రధాన లోపం. ఎఫ్/4 నుంచి ఎఫ్/8కి మూసి, కొంచెం తక్కువ వెలుతురు పట్టిస్తే చాలావరకు తగ్గుతుంది. కెలవరపల్లికి బెంగళూరు మురుగుతో దక్షిణ పినాకిని నది మీద తేలివచ్చే తెల్లని నురుగు గుట్టలను టెలిఫోటో దగ్గరికి కుదించి చూపినంత బలంగా వెడల్పు లెన్సు చూపలేదు. ఇక్కడి ఫొటోగ్రాఫరు తీయవలసిన బొమ్మ అది.

కృష్ణగిరి వైపు కోటలు, గుట్టలు ఈ లెన్సులకు సొంత మేత. మైసూరు యుద్ధం ముగిసి 1792లో బ్రిటిష్‌వారి చేతికి వచ్చిన బారామహల్ ప్రాంతం ఇది. కృష్ణగిరి కోట, 1791లో ఆంగ్ల సేన పట్టుకున్న రాయకోట, వరుసలు వరుసలుగా లేచే రాతి కొండలు ఒకదాని వెనక ఒకటి కుదించుకుని రావాలంటే 135 నుంచి 200 మధ్యే మేలు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత తీయాలి. మధ్యలో రాయి వేడెక్కి గాలి వణుకుతుంది. ఆ వణుకును వేయి రూపాయల లెన్సూ లక్ష రూపాయల లెన్సూ ఒకేలా మసగ్గా తీస్తాయి. కృష్ణగిరి డ్యాము నీటి మీద వేసవిలో ఇది మరీ ఎక్కువ. దక్కను రాతి గుట్టలకే పరిమితమైన పసుపు మెడ పిగిలిపిట్టకు ఇలాంటి బండల పొదలే ఇష్టం. దాన్ని చూడటం తేలిక, 200తో తీయడం కష్టం.

హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుడి తేరు ఏటా మార్చి ప్రాంతంలో కదులుతుంది. గుంపులో దూరకుండా, మిద్దె మీంచి 80–200తో ముఖాలు ఏరుకోవచ్చు. పది మీటర్ల దూరాన 200 వద్ద ఎఫ్/4లో పదునుగా ఉండే లోతు అరవై సెంటీమీటర్లే. తేరు తాడు లాగే వరుసలో ఒక్క మనిషి ముఖమే నిలుస్తుంది, తక్కినవారు కరిగిపోతారు. సంక్రాంతి మొదలు జిల్లా పల్లెల్లో జరిగే ఎద్దుల పరుగు పందేల్లోనూ ఈ లెన్సు ప్రాణానికి రక్ష. కట్టిన కంచె వెనక నిలబడి, ఎద్దు దాటే చోటు ముందే ఎంచుకుని అక్కడ ఫోకస్ పెట్టి, అది రాగానే నొక్కాలి. పరుగెత్తే ఎద్దు వెంట ఫోకస్ తిప్పుతూ పోతే దొరికేవి దుమ్ము, తోక. షటరు వేగం 1/1000కు తగ్గకూడదు. నిలబడిన మనిషికైతే 1/500 చాలు. ఫోకల్ లెంగ్త్‌కు సమానమైన వేగం చాలునన్న ఫిల్ము కాలపు లెక్క నేటి సెన్సర్లకు చాలదు.

ఏనుగుల సంగతి

బన్నేరుఘట్ట, కావేరి అడవుల నుంచి ఏనుగుల మందలు రాగి పండే కాలంలో, అక్టోబరు నుంచి జనవరి వరకు, డెంకణికోట, హోసూరు సానమావు అడవుల మీదుగా చేలలోకి వస్తాయి. 2014లో ప్రకటించిన 504 చ.కి.మీ. కావేరి ఉత్తర అభయారణ్యం, 2022 నవంబరులో చేర్చిన 686 చ.కి.మీ. కావేరి దక్షిణ అభయారణ్యం వాటి నివాసం. రెండున్నర మీటర్ల ఏనుగు నూరు మీటర్ల దూరాన 200 మి.మీ. లెన్సుతో పూర్తి ఫ్రేము చట్రం ఎత్తులో అయిదో వంతు మాత్రమే పడుతుంది. బొమ్మ నింపాలన్న ఆశతో దగ్గరికి నడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏనుగుల వల్ల రైతులు, రైతులు కట్టే కరెంటు తీగల వల్ల ఏనుగులు చనిపోయిన ప్రాంతం ఇది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదు. పొలంలో మందను తరిమే అటవీ సిబ్బంది పనికి ఫొటోగ్రాఫరు అడ్డుపడటం దుర్మార్గమే. ఏనుగు చిన్నదిగా, చేను, గుట్ట, పొగమంచు పెద్దవిగా వచ్చే బొమ్మే ఈ లెన్సులకు తగినది, నిజానికి అదే మంచి బొమ్మ కూడా.

ఏది కొనాలి

ఈ రెండు ఊళ్ల చుట్టూ ఒక్క పాత జూమ్‌తో తిరగాలనుకునేవారికి 80–200 లేదా 70–210, ఎఫ్/4 చాలు. ఎఫ్/2.8 బరువు ఈ ఎండకు అనవసరం. 300 దాటిన పాత జూమ్‌లు పదునులో నిరాశపరుస్తాయి. చెరువు పక్షులే ధ్యేయమైతే పాత లెన్సు మాని, వాడిన ఆటోఫోకస్ లెన్సు కోసం డబ్బు కూడబెట్టడం మేలు. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవారు నికాన్ లేదా యాషికా మౌంటు లెన్సునూ, మిర్రర్‌లెస్ ఉన్నవారు ధర పలకని మినోల్టా, ఎఫ్‌డి లెన్సులనూ చూడాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లకు కుదరక గిరాకీ పడిపోయిన ఆ రెండింటిలోనే నేడు డబ్బుకు తగిన గాజు ఎక్కువ. లెన్సుకు పెట్టే సొమ్ములో కొంత సరైన అడాప్టరుకు, కొంత గాలి చొరని డబ్బాకు ముందే పక్కన పెట్టుకోండి. వానాకాలం మొదలయ్యాక కాదు, దానికి ముందే.